ఏనుగు మనిషి కథ: ఒక వ్యాధికి అంటగట్టిన పేరు

లండను శస్త్రవైద్యుడు సర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ 1923లో, తాను కన్నుమూసిన సంవత్సరంలోనే, ఒక జ్ఞాపకాల సంపుటిని ప్రకటించాడు. అందులో మొదటి వ్యాసం ‘ఏనుగు మనిషి’. చదవడానికి గంటసేపు కూడ పట్టని ఆ వ్యాసం చాలా దూరం ప్రయాణించింది. దాని ఆధారంతో మానవశాస్త్రజ్ఞుడు ఆష్లీ మాంటెగూ 1971లో ఒక గ్రంథం వ్రాశాడు. 1977లో బెర్నార్డ్ పామెరాన్స్ రచించిన నాటకం రంగస్థలమెక్కింది. 1980లో డేవిడ్ లించ్ తీసిన చలనచిత్రం వచ్చింది. వీటిని చదివినవారు, చూచినవారు కంట తడి పెట్టకుండ ఉండలేదు. వికృతరూపం వెనుక మనిషి ఉంటాడన్న మాటను ఇంత బలంగా చెప్పిన రచనలు ఎక్కువ లేవనే ఒప్పుకోవాలి. అయితే కరుణతోబాటు ఈ రచనల పరంపర లోకానికి మరొకటి కూడ పంచిపెట్టింది. నాడీకణజాలపు పెరుగుదలలో కలిగే ఒక వంశపారంపర్య వ్యాధికి, న్యూరోఫైబ్రొమటోసిస్ అనే దానికి, ‘ఏనుగు మనిషి వ్యాధి’ అన్న పేరు అంటుకున్నది. ఆ మనిషికి ఆ వ్యాధి లేదు. ఉన్నదని నమ్మిన కాలమంతటా, నమ్మకం పోయిన తరువాత కూడ, ఆ పేరు బరువును మోసినవారు వేరే ఉన్నారు. ఈ రచనలను సాహిత్యదృష్టితో మెచ్చుకున్నవారు చాలమంది. విజ్ఞానశాస్త్రపు వెలుతురులో వీటిని ఒకసారి పరిశీలించడం అవసరం.

ముందు అసలు మనిషిని గురించి. జోసెఫ్ కేరీ మెరిక్ 1862 ఆగస్టు 5వ తేదీన ఇంగ్లండులోని లెస్టరు పట్టణంలో జన్మించాడు. పసితనం దాటుతుండగా శరీరంలో కొన్ని భాగాలు మితిమీరి పెరగసాగినవి. చదువు ముగించి చుట్టల కర్మాగారంలో పనికి కుదిరితే కుడిచేయి బరువెక్కి పని సాగలేదు. వీధివీధి తిరిగి చిల్లర సామానులు అమ్మబోతే జనం తలుపులు మూసుకున్నారు. 1879 డిసెంబరులో, పదిహేడేళ్ళ వయస్సున, దరిద్రులకై ప్రభుత్వం నడిపే శరణాలయంలో చేరాడు. అక్కడ నాలుగేళ్ళకు పైగా గడిపి, విసిగి, తానే ప్రదర్శకులకు కబురుపెట్టి 1884లో ‘ఏనుగు మనిషి’ అనే పేరుతో ప్రేక్షకుల ముందు నిలబడ్డాడు. లండను వైట్‌చాపెల్ రోడ్డులో, ఆసుపత్రికి ఎదుటనున్న ఒక ఖాళీ దుకాణంలో ట్రీవ్స్ అతనిని చూచినది ఆ సంవత్సరమే. తరువాత ఐరోపా ఖండంలో తిరుగుతూ, కూడబెట్టుకున్న 50 పౌన్లు పోగొట్టుకుని 1886లో తిరిగి వచ్చాడు. లండను ఆసుపత్రి అతనికి ఆశ్రయమిచ్చింది. 1890 ఏప్రిల్ 11న, ఇరవై ఏడేళ్ళ వయస్సున, ఆ గదిలోనే మరణించాడు.

ట్రీవ్స్ వచనం బాగుంటుంది. అందులో సందేహం లేదు. చీకటి దుకాణం, తెర, దానివెనుక గ్యాసుమంటకు చలికాచుకుంటున్న ఆకారం, ఇవన్నీ మరచిపోలేము. కాని వివరాల దగ్గరకు వస్తే ఆయన మాట నమ్మదగినది కాదు. మనిషి పేరు జోసెఫ్ కాగా ‘జాన్’ అని వ్రాశాడు. వ్రాతప్రతిలో మొదట ‘జోసెఫ్’ అని వ్రాసి, కొట్టివేసి, ‘జాన్’ అని దిద్దినట్లు కనబడుతుంది. తల్లి ఆ బిడ్డను పసితనంలోనే నిర్దయగా వదిలిపెట్టిందని వ్రాశాడు. నిజానికి తల్లి మేరీ జేన్ 1873లో, మెరిక్‌కు పదకొండేళ్ళు నిండకముందు, జబ్బుచేసి మరణించింది. తల్లి అందమైనదని మెరిక్ చెప్పుకుంటే అది అతని కల్పన అని ట్రీవ్స్ తేల్చివేశాడు. ప్రదర్శకుణ్ణి క్రూరునిగా చిత్రించాడు. ఆ ప్రదర్శకుడు టామ్ నార్మన్ అప్పటికి జీవించియే ఉన్నాడు, ఆ చిత్రణను బహిరంగంగా ఖండించాడు కూడ. ఇవి చిన్న పొరపాట్లని తోసివేయవచ్చునా? దాదాపు నలభై ఏళ్ళ నాటి సంగతులు వృద్ధాప్యంలో వ్రాస్తే కొన్ని తారుమారు కావడం సహజం. కాని ప్రతి తారుమారూ ఒకే వైపు మొగ్గి ఉన్నది: లోకమంతా దుర్మార్గం, ఆసుపత్రి ఒక్కటే ఆశ్రయం. కథకు అది అనుకూలం.

ఇంకొక విషయం ఉపాధ్యాయులు తప్పక గమనించదగినది. మొదట చూచినప్పుడు మెరిక్ మందబుద్ధి అని ట్రీవ్స్ అనుకున్నాడు. అలా అనుకోవడమే కాదు, అదే నిజమైతే బాగుండునని కోరుకున్నట్లు కూడ వ్రాశాడు. తన దుస్థితి తనకు తెలియకుండ ఉంటుంది గదా అని. నోటి చుట్టూ పెరిగిన కండ వల్ల మెరిక్ మాట స్పష్టంగా లేకపోవడమే ఆ పొరపాటుకు కారణం. నిజానికి అతడు చదవడం, వ్రాయడం వచ్చినవాడు, పుస్తకాలపై ప్రాణం పెట్టినవాడు. ట్రీవ్స్ ఈ పొరపాటును దాచుకోలేదు. అది ఆయన వ్యాసంలో మెచ్చుకోదగిన అంశం.

ప్రదర్శన సమయంలో అమ్మిన ఒక చిన్న కరపత్రంలో మెరిక్ స్వీయచరిత్ర ఉన్నది. తాను గర్భంలో ఉండగా తల్లి ఊరేగింపులో ఏనుగు కాళ్ళ దగ్గర పడిపోయి జడుసుకున్నదనీ, అందువల్లనే తనకు ఈ రూపం వచ్చిందనీ అందులో ఉన్నది. ఈ నమ్మకాన్ని చూచి నవ్వడానికి మనకు హక్కు లేదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను మన పల్లెల్లో ‘గ్రహణం మొర్రి’ అంటారు; తల్లి గ్రహణం చూచిందని నింద. బిడ్డ శరీరంలోని లోపానికి తల్లి చేసిన పనిలోనో, పడిన భయంలోనో కారణం వెదకడం లెస్టరుకూ మన ఊళ్ళకూ సమానమే. పిండం పెరుగుదలకు తల్లి ఆహారం, కొన్ని మందులు, కొన్ని అంటురోగాలు అవరోధం కలిగించగలవు. ఒక ఏనుగును చూచిన భయం బిడ్డకు ఏనుగు చర్మం తెచ్చిపెట్టలేదు. లించ్ చిత్రం ఏనుగులు, క్రిందపడి కేకవేసే తల్లి ఉన్న దృశ్యంతోనే ఆరంభమవుతుంది. దానిని స్వప్నంవలె చిత్రించినా, ఆ తరువాత చిత్రంలో ఎక్కడా ఆ నమ్మకాన్ని ఎవరూ సరిదిద్దరు. వైద్యుడు కథానాయకుడైన చిత్రంలో ఇది చిన్న లోపం కాదు.

మరి ‘న్యూరోఫైబ్రొమటోసిస్’ అన్న పేరు ఎక్కడనుండి వచ్చింది? ట్రీవ్స్ పెట్టినది కాదు. 1884 డిసెంబరులో లండను వ్యాధిశాస్త్ర సంఘం ఎదుట మెరిక్‌ను చూపినప్పుడు ఆయన జన్మసిద్ధమైన వైకల్యమని మాత్రమే చెప్పగలిగాడు. చర్మవైద్యుడు రాడ్‌క్లిఫ్ క్రాకర్ నాడీమండలంలోని మార్పు దీనికి కారణం కావచ్చునని ఊహించాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1882లో, జర్మను వ్యాధిశాస్త్రజ్ఞుడు ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ చర్మంపై లేచే ఒక రకం కంతులు నాడుల తొడుగుల నుండి పుట్టేవని నిరూపించి ఉన్నాడు. 1909లో పార్క్స్ వీబర్ అనే వైద్యుడు ఈ రెంటినీ ముడివేసి, మెరిక్‌ది రెక్లింగ్‌హౌసెన్ వర్ణించిన వ్యాధియే అన్నాడు. అప్పటికి మెరిక్ చనిపోయి పందొమ్మిదేళ్ళు. కంతిని కోసి సూక్ష్మదర్శినిలో చూచి చెప్పిన మాట కాదది. అయినా తరువాత వ్రాసినవారు దానిని నిర్ధారితమైన సత్యంగానే తీసుకున్నారు, మాంటెగూతో సహా.

ఆ వ్యాధి ఎటువంటిదో తెలిస్తేగాని ఈ పొరపాటు విలువ తెలియదు. గర్భంలో పిండం వయస్సు నాలుగో వారంలో ఉండగా వీపు పొడుగునా ఒక గాడి ఏర్పడి, దాని అంచులు దగ్గరకు వచ్చి మూసుకుని గొట్టమవుతుంది. మెదడూ వెన్నుపామూ ఆ గొట్టంలోనుండి వచ్చేవే. గొట్టం మూసుకునే చోట, దాని అంచుల నుండి, కొన్ని కణాలు విడివడి పిండమంతటా వలసపోతాయి. వాటి సమూహానికి నాడీశిఖరమని పేరు. ఆ వలస కణాలలో కొన్ని చర్మం చేరి దానికి రంగునిచ్చే కణాలవుతాయి. కొన్ని నాడీతంతువులకు తొడుగువలె చుట్టుకునే ష్వాన్ కణాలవుతాయి. ముఖంలోని కొన్ని ఎముకలు సైతం వీటినుండి వచ్చేవే. చర్మపు రంగుకూ నాడి తొడుగుకూ చుట్టరికమేమిటని విద్యార్థి అడగవచ్చును. రెండూ ఒకే ఊరినుండి వలస వచ్చిన కుటుంబాలు. అందుకే ఈ వ్యాధిలో చర్మంపై మచ్చలు, నాడులపై కంతులు జంటగా కనబడతాయి.

దోషం 17వ క్రోమోసోముపై ఉన్న ఒక జన్యువులో ఉంటుంది. 1990లో రెండు పరిశోధక బృందాలు దానిని వేరువేరుగా పట్టుకున్నవి. ఆ జన్యువు చెప్పినట్లు తయారయ్యే ప్రోటీను పేరు న్యూరోఫైబ్రోమిన్. 2,800 పైచిలుకు అమినో ఆమ్లాల గొలుసు. దాని పని ఏమిటంటే, కణాన్ని ‘పెరుగు, విభజించు’ అని తొందరపెట్టే రాస్ అనే మరొక ప్రోటీనును అదుపులో పెట్టడం. చెరువు తూముకు తలుపు ఎటువంటిదో కణానికి ఇది అటువంటిది. తలుపు ఉన్నంతకాలం నీరు కావలసినంతే పోతుంది. మనలో ప్రతి కణానికీ ఈ జన్యువు ప్రతులు రెండు ఉంటాయి, తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ఈ వ్యాధితో పుట్టినవారికి ఒక ప్రతి మొదటినుండీ చెడి ఉంటుంది. రెండవది కాపలా కాస్తున్నంతవరకు చాలావరకు పని జరిగిపోతుంది. జీవితకాలంలో ఎప్పుడో, ఏదో ఒక ష్వాన్ కణంలో ఆ రెండవ ప్రతి కూడ చెడితే అక్కడ తూము తలుపు ఊడినట్లే. ఆ కణం సంతతి పెరిగి, చుట్టుప్రక్కల కణాలను కూడ చేర్చుకుని కంతి అవుతుంది. ఏ కణంలో, ఎప్పుడు, ఎన్నిచోట్ల అలా జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అందువల్లనే ఒకే ఇంట్లో తండ్రికి రెండు మూడు మచ్చలు, నాలుగు చిన్న కంతులు తప్ప ఏమీ లేకుండ, బిడ్డకు పెద్ద కంతి కలగవచ్చును, తద్విరుద్ధంగానూ జరగవచ్చును.

సుమారు 3,000 జననాలలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది. జన్యుసంబంధమైన నాడీవ్యాధులలో ఇది అరుదైనది కానేకాదు. పెద్ద ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఉపాధ్యాయుడు తెలియకుండనే ఇటువంటి విద్యార్థికి పాఠం చెప్పి ఉండవచ్చును. వారిలో దాదాపు సగంమందికి తల్లిదండ్రులలో ఎవరికీ ఈ వ్యాధి ఉండదు. ఉత్పరివర్తనం ఆ బిడ్డలోనే కొత్తగా జరిగి ఉంటుంది. వ్యాధి ఉన్న వ్యక్తికి పుట్టే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం నూటికి యాభై. అంటువ్యాధి మాత్రం కాదు.

చిన్నవయస్సులో గుర్తించే లక్షణాలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉండే చదునైన మచ్చలు. ఒకటి రెండు మచ్చలు ఎందరికో ఉంటాయి, వాటికి అర్థమేమీ లేదు. యుక్తవయస్సుకు ముందు 5 మిల్లీమీటర్లకు మించినవి ఆరుగాని, అంతకన్న ఎక్కువగాని ఉంటే వైద్యుడు శ్రద్ధ వహిస్తాడు. యుక్తవయస్సు తరువాత 15 మిల్లీమీటర్లు కొలత. చంకలో, గజ్జలలో చిన్న చుక్కలు, కంటిపాప చుట్టూ ఉండే రంగుపొరపై చిన్న బుడిపెలు తక్కిన ఆనవాళ్ళు. 1987లో ఏర్పరచిన ఈ నియమాలను 2021లో సవరించారు. లీజియస్ అనే వైద్యుని పేరుతో పిలిచే మరొక తేలిక వ్యాధిలోనూ ఇవే మచ్చలు ఉంటాయని ఈలోగా తెలిసింది; మచ్చలు మాత్రమే చూచి తీర్పు చెప్పకూడదని సవరణలో ఒక భాగం.

ఇప్పుడు మెరిక్‌ను ఈ వర్ణన ప్రక్కన నిలబెట్టి చూడవలె. అతని కరపత్రం ప్రకారం తల చుట్టుకొలత 36 అంగుళాలు. కుడి మణికట్టు 12 అంగుళాలు, ఒక వేలు 5 అంగుళాలు. ఎడమచేయి మాత్రం పదేళ్ళ బాలిక చేతికన్న పెద్దది కాదు. పుర్రె ఎముక గడ్డలు గడ్డలుగా మందమెక్కింది. అరికాళ్ళ చర్మం దళసరియై మడతలు పడింది. కాఫీరంగు మచ్చలున్నట్లు అతన్ని స్వయంగా పరీక్షించినవారెవరూ వ్రాయలేదు. నాడినుండి పుట్టిన కంతి ఉన్నదన్న నిదర్శనమూ లేదు. కెనడాలో పనిచేస్తున్న టిబుల్స్, కోహెన్ అనే ఇద్దరు 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ వివరాలన్నీ ముందుంచి, మెరిక్‌ది ప్రోటియస్ సిండ్రోం అని వాదించారు. ప్రోటియస్ గ్రీకు పురాణాలలో క్షణానికొక రూపం ధరించే సముద్రదేవత. ఆ పేరుతో 1983లో వర్గీకరించబడిన ఈ వ్యాధి పదిలక్షల జననాలలో ఒకరికంటె తక్కువమందికి వస్తుంది. ఎముక, చర్మం, కొవ్వు అక్కడక్కడ అదుపు తప్పి పెరుగుతాయి. దీని కారణం 2011లో బయటపడింది: ఏకేటీ1 అనే జన్యువులో ఒకే ఒక అక్షరం మార్పు. ఆ మార్పు తల్లిదండ్రులనుండి రాదు. పిండం పెరుగుతుండగా ఏదో ఒక కణంలో జరిగి, ఆ కణం సంతతిలో మాత్రమే నిలుస్తుంది. కనుకనే శరీరం కొంత మామూలుగానూ, కొంత విపరీతంగానూ ఉంటుంది. మెరిక్ కుడిచేయి, ఎడమచేయి జ్ఞాపకం చేసుకుంటే చాలును. అతని ఎముకలు నేటికీ లండనులో భద్రంగా ఉన్నాయి. వాటిని శుభ్రపరచడంలో పదేపదే తెల్లబరచినందువల్ల జన్యుపరీక్ష ఇంతవరకు తుదితీర్పు ఇవ్వలేకపోయింది. అందుచేత ప్రోటియస్ అన్నది చాలా బలమైన నిర్ణయం మాత్రమే, ముద్రవేసిన నిర్ణయం కాదు. న్యూరోఫైబ్రొమటోసిస్ అన్నది మాత్రం నిలువదు.

ఈ వెలుతురులో మాంటెగూ గ్రంథం విచిత్రంగా కనబడుతుంది. అంత దుఃఖం అనుభవించిన మెరిక్ అంత మృదుస్వభావుడు ఎలా కాగలిగాడని ఆయన ప్రశ్నించుకున్నాడు. పసితనంలో తల్లిప్రేమ పుష్కలంగా లభించి ఉండాలి, ట్రీవ్స్ మాట తప్పై ఉండాలి అని ఊహించాడు. చేతిలో పత్రం లేకుండ చేసిన ఊహ అది. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం నిలబెట్టడం శాస్త్రపద్ధతి కాదు. అయినా తరువాత పత్రాలు దొరికినప్పుడు తల్లి విషయంలో మాంటెగూ వైపే సత్యం ఉన్నట్లు తేలింది. ట్రీవ్స్ మాటను తల్లి విషయంలో శంకించినవాడు, వీబర్ మాటను వ్యాధి విషయంలో శంకించకపోవడం వింత. మానవశాస్త్రజ్ఞుడు వైద్యుల సీమలోకి వెళ్ళినప్పుడు వినయం చూపడం సహజమే కావచ్చు. ఆ వినయం ఖరీదు రోగులు చెల్లించారు.

నాటకానికీ చిత్రానికీ మధ్య తేడా కూడ ఈ సందర్భంలో చెప్పుకోదగినది. పామెరాన్స్ నాటకంలో మెరిక్ పాత్రధారి ముఖానికి ఏ మేకప్పూ వేసుకోడు. శరీరాన్ని వంచి, గొంతు మార్చి నటిస్తాడు. ప్రక్కన తెరమీద అసలు మెరిక్ ఛాయాచిత్రాలు చూపిస్తారు. రూపాన్ని పూరించుకునే పని ప్రేక్షకునిదే. లించ్ పద్ధతి వేరు. మెరిక్ శరీరం నుండి తీసిన అచ్చుల సాయంతో మేకప్పు చేయించాడు. జాన్ హర్ట్ నటన దాని క్రింద నలిగిపోకుండ నిలిచింది; అది మహానటుని లక్షణం. కాని చిత్రం మొదటి అరగంట ఆ ముఖాన్ని దాచి, తలపై గోనెముసుగు వేసి, తెరలు అడ్డుపెట్టి, ఒక నర్సు భయంతో కేకవేసిన క్షణాన చూపుతుంది. తెర వెనుక దాచి సమయం చూచి తెర తీయడం ప్రదర్శకుని విద్య. క్రూరుడైన ప్రదర్శకుణ్ణి కల్పించి దూషిస్తున్న చిత్రం అతని విద్యనే అరువు తెచ్చుకున్నది. ఆసుపత్రినుండి మెరిక్‌ను ఎత్తుకుపోయి ఖండాంతరంలో ఆడించే ఘట్టం కూడ కల్పితమే. మెరిక్ ఐరోపాకు వెళ్ళినది ఆసుపత్రిలో చేరకముందు. తరువాత భాగంలో చిత్రం ప్రేక్షకుని కుతూహలాన్ని సిగ్గుగా మార్చడంలో సఫలమైందన్నది కూడ నిజమే. ఎనిమిది ఆస్కారు నామినేషన్లు ఊరికే రాలేదు.

చిత్రం ఏ వ్యాధినీ బోధించడానికి తీసినది కాదు. ఆ పని పత్రికలు చేశాయి. చిత్రం విడుదలైన రోజులలో పాశ్చాత్యదేశాలలో న్యూరోఫైబ్రొమటోసిస్‌ను పరిచయం చేయవలసి వచ్చినప్పుడల్లా మెరిక్ బొమ్మ వేసేవారు. అప్పుడే బిడ్డకు ఈ వ్యాధి ఉన్నదని విన్న తల్లి దగ్గర కూర్చుని ఆలోచించవలె. బిడ్డ వీపున ఏడెనిమిది కాఫీరంగు మచ్చలున్నాయి, అంతే. ఆమె కళ్ళముందు నిలిచేది 36 అంగుళాల తల. ఈ వ్యాధి ఉన్నవారిలో అత్యధికులకు అటువంటి రూపం రాదు. మన దేశంలో ఈ పేరుకు మరొక చిక్కు కూడ ఉన్నది. కోస్తా జిల్లాలలో బోదకాలుకు ఏనుగుకాలు అన్న పేరు వాడుకలో ఉన్నది గనుక, దోమ కరిచి సోకే పురుగుల జబ్బుకూ జన్యువులోని దోషానికీ ముడివేసుకునే ప్రమాదం కూడ ఉన్నది.

1986 తరువాత న్యూరోఫైబ్రొమటోసిస్ ఉన్నవారి తరఫున మాట్లాడేవారు ‘మెరిక్ వ్యాధి మాది కాదు’ అని చెప్పుకోగలిగారు. వారి ఊరట అర్థం చేసుకోదగినదే. అయితే ఆ వాదాన్ని అక్కడితో ఆపివేయడం న్యాయం కాదు. ఒకరి భుజంమీదినుండి దించిన మూట ప్రోటియస్ సిండ్రోం ఉన్న కొద్దిమంది భుజాలమీదకు చేరింది. వారిలో సైతం మెరిక్ అంత తీవ్రమైన రూపం అందరికీ ఉండదు. కనుక వీబర్ చేసిన వ్యాధినిర్ణయం తప్పు కావడం ఈ కథలో ఒక తప్పు మాత్రమే. వందమందిలో అత్యంత విపరీతమైన ఒక్కరిని తెచ్చి, తక్కినవారి గుమ్మాలకు ఆ బొమ్మ వ్రేలాడదీయడం అంతకన్న పెద్దది. వ్యాధినిర్ణయం సరియైనదే అయినా ఆ పని తప్పే అయ్యేది.

బొమ్మ మీద చూపు నిలిచినంతసేపు అసలు ఇబ్బందులు కనబడవు. న్యూరోఫైబ్రొమటోసిస్ ఉన్న పిల్లలలో సుమారు సగానికి, కొన్ని లెక్కల ప్రకారం అంతకుమించి, చదువులో ఏదో ఒక చిక్కు ఉంటుంది. బొమ్మనో పటాన్నో చూచి దూరాలు, దిక్కులు పోల్చుకోవడం కష్టమవుతుంది. చేతివ్రాత కుదరదు. దృష్టి నిలవదు. వీరిలో చాలామంది తెలివి మామూలు హద్దులలోనే ఉంటుంది. జ్యామితిలో రేఖలు గీయలేని బాలుడు సోమరి అనిపించుకుంటాడు. అతని మచ్చలు చొక్కా క్రింద ఉంటాయి. వ్యాధినిర్ణయం చేయడం ఉపాధ్యాయుని పని కాదు. కాని వ్యాయామ సమయంలో అటువంటి మచ్చలు అనేకం కనబడి, చదువులోనూ ఈ విధమైన తడబాటు ఉంటే, బిడ్డను వైద్యునికి చూపించవలసిందిగా తల్లిదండ్రులకు మెల్లగా చెప్పవచ్చును. నలుగురి ముందు చెప్పకూడదు. వైద్యుడు ఏటేటా కన్ను, రక్తపుపోటు, వెన్నెముక పరీక్షిస్తాడు. కంటినాడిపై వచ్చే కంతి, సుమారు నూటికి పదిహేనుమంది పిల్లలలో వచ్చేది, ముందుగా గుర్తిస్తే చూపు కాపాడే అవకాశం ఎక్కువ. పెద్దవయస్సులో కంతి హఠాత్తుగా పెరిగినా, విడువని నొప్పి పుట్టినా ఉపేక్షించరాదు; కొందరిలో అది క్యాన్సరుగా మారుతుంది.

శస్త్రచికిత్సకు లొంగని పెద్ద కంతులకు చాలకాలం ఏ మందూ లేదు. రాస్ తొందరపాటును దాని తరువాతి మెట్టు దగ్గర అడ్డగించే సెల్యుమెటినిబ్ అనే మందును 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధసంస్థ రెండేళ్ళు నిండిన పిల్లలకు వాడటానికి అనుమతించింది. అది వ్యాధిని పోగొట్టదు. చాలామందిలో కంతిని కుంచింపజేస్తుంది. ఖరీదు మాట వేరే చెప్పనక్కరలేదు. జన్యువును 1990లో గుర్తించిన నాటినుండి మందు చేతికి రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. ఈ ముప్పై ఏళ్ళ కథను ఎవరైనా చిత్రంగా తీస్తే ప్రేక్షకులు వస్తారో లేదో చెప్పలేము.

ఇక చదువదలచినవారికి. మైకేల్ హోవెల్, పీటర్ ఫోర్డ్ 1980లో ప్రకటించిన మెరిక్ జీవితచరిత్రను ముందు చదవడం మంచిది. జనన మరణాల పట్టీలు, శరణాలయపు దస్త్రాలు, నాటి పత్రికలు వెదికి వ్రాసిన గ్రంథమది. ట్రీవ్స్ చెరిపివేసిన తల్లి, నార్మన్, జోసెఫ్ అన్న పేరు అందులో యథాస్థానాలకు వచ్చాయి. తొలి ముద్రణ 1980 నాటిది గనుక టిబుల్స్, కోహెన్‌ల నిర్ణయం అందులో ఉండదు. దానిని విడిగా చదువుకోవలె. ఆ తరువాత ట్రీవ్స్ వ్యాసాన్ని దాని వచనంకోసం చదవవచ్చును. చిత్రాన్ని తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయుడు అది మొదలయ్యేముందే మెరిక్ అసలు పేరు, అతని తల్లి మరణించిన సంవత్సరం నల్లబల్లమీద వ్రాసి ఉంచితే బాగుంటుంది.